విజిల్ వేసేదాకా

గుణదల,
24 ఆగస్టు 2025

అత్తా,

పోస్టాఫీసులో ఇన్‌లాండ్ లెటర్లు అడిగితే కౌంటరు దగ్గరి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడెవరు రాస్తున్నారండీ?" అంది. "మా మేనత్తకి. మఠంలో ఉంటుంది. ఒకసారి లోపలికి వెళ్ళాక ఇంక బయటికి రారు, ఫోను ముట్టుకోరు" అన్నాను. పాపం, నిజంగానే జాలిపడింది. నీ మీదో, నీకు ఉత్తరాలు రాయాల్సిన నా మీదో తెలియలేదు.

కొత్త ఉద్యోగం సంగతి అడిగావు. ఉయ్యూరు రోడ్డు మీద ఒక ప్రైవేటు యూనివర్సిటీలో నన్ను సేఫ్టీ ఆఫీసరుగా తీసుకున్నారు. నిప్పంటుకుంటే ఏం చేయాలి, కరెంటు కొడితే ఏం చేయాలి, ఎవరైనా కళ్ళు తిరిగి పడిపోతే ఏం చేయాలి, ఇవన్నీ పిల్లల దగ్గర్నుంచి లెక్చరర్లు, మెస్సులో వంటవాళ్ళ దాకా అందరికీ నేర్పడం నా పని. నాకీ పిచ్చి ఎందుకు పట్టిందో నీకు చెప్పనక్కర్లేదు. ఆటోనగర్‌లో ఖాళీ ట్యాంకరేనని చెప్పి నాన్న చేత వెల్డింగ్ పెట్టించిన రోజు, అది పేలినప్పుడు, చుట్టూ అంతమంది పనివాళ్ళున్నారు. కొందరు పరిగెత్తారు, కొందరు అరిచారు, కొందరు చూస్తూ నిలబడిపోయారు. ఏం చేయాలో చెప్పే మనిషి ఒక్కరుంటే మీ అంతోని అన్నయ్య ఇవాళ బతికి ఉండేవాడని ఇప్పటికీ నమ్ముతాను.

మొన్న శుక్రవారం ఆడపిల్లల హాస్టల్లో మొదటి మాక్ డ్రిల్ చేయించాను. మాక్ డ్రిల్ అంటే ఉత్తుత్తి ప్రమాదం. సైరన్ మోగగానే పిల్లలంతా గదులొదిలి దిగి, బయట వరసల్లో నిలబడాలి. అంతే. నిలబడటానికేముందిలే అనుకున్నాను. ఒకతె చెప్పుల కోసం వెనక్కి వెళ్ళింది, ఒకతె ఛార్జరు కోసం. ఇద్దరు మెట్ల మీద వీడియో తీసుకుంటున్నారు. ఒక మహాతల్లి తలంటు మధ్యలో ఉందిట, రానంది.

అందరికన్నా మొండిది సత్యశ్రీ అని ఒక ఫస్టియర్ పిల్ల. నాగాయలంక అవతల లంక ఊరు వాళ్ళది, తండ్రి చేపల వేటకు వెళతాడు. వరసలో నిలబడ్డదల్లా చెప్పాపెట్టకుండా మళ్ళీ హాస్టల్లోకి పరిగెత్తింది. ఎందుకయ్యా అంటే, ఏంజెల్ అనే పిల్లకు ఉబ్బసం, పీల్చే మందు గదిలో మర్చిపోయింది, అది తేవడానికి! నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి ముందూ నిలబెట్టి, "ఇదే నిజమైతే నువ్వీపాటికి చచ్చిపోయావు. చచ్చినవాళ్ళతో ఎవరూ మాట్లాడరు. ఇవాళంతా దీనితో ఎవరూ మాట్లాడకండి" అన్నాను. అది నవ్వి, "సరే మేడం, చచ్చిపోయాను" అంది.

మీ మఠంలో అంతమంది ఆడవాళ్ళు ఒక్క గంటకి ఠంచనుగా లేస్తారు కదా, అదెలాగో కాస్త నాకు చెప్పు.

నీ కోడలు పిల్ల,
హెలెన్

*

మఠం,
9 సెప్టెంబరు 2025

యేసు మరియ జోజప్పల చల్లని చేతుల్లో ఉన్న నా హెలెన్‌కు,

నిన్న దేవమాత పుట్టినరోజు. పాయసం చేశారు, నాకు బెల్లం తక్కువైంది. అనలేదులే.

ఆ పోస్టాఫీసు అమ్మాయికి చెప్పు, నేను బాగానే ఉన్నానని. పూజలో సత్ప్రసాదంగా ఇచ్చే పల్చటి గోధుమ అప్పాలు కాల్చే మిషను ఈ ఏడాదీ నా చేతికే ఇచ్చారు. ఈ చుట్టుపక్కల గుళ్ళన్నిటికీ అప్పాలు ఇక్కడినుంచే వెళతాయి. కాస్త ఏమరితే మాడిపోతాయి.

గంట సంగతి అడిగావు. నేను చేరిన కొత్తలో నీ సత్యశ్రీ లాంటిదాన్నే. ఇక్కడ గంట మోగితే ఏ పని ఎక్కడుంటే అక్కడ ఆపాలి. రాస్తుంటే అక్షరం కూడా పూర్తి చేయకూడదు. నేను గంట విని కూడా ఆ అక్షరానికి కొమ్ము పెట్టేసి లేచేదాన్ని. మా పెద్ద సిస్టరు గారు ఒకరోజు నా కాగితం తీసి చూసి, "ఈ కొమ్ము ఎవరి కోసం పెట్టావు? గంట ఆగమంది, నువ్వు ఆగలేదు" అన్నారు. ఆ రోజంతా ఏడ్చాను. అప్పట్నుంచి గంట దాటి ఒక్క గీత గీయలేదు.

కాబట్టి నా సలహా విను. పిల్లలకు ఎందుకు, ఏమిటి అని విడమరచి చెప్పకు. ఆలోచించనిస్తే చెప్పులు గుర్తొస్తాయి. ఒక్కటే నేర్పు: మోగితే రావాలి, చాలు అనేదాకా నిలబడాలి. చాలు అనే మనిషి కూడా ఒక్కరే ఉండాలి. నలుగురు చెబితే ఎవరి మాట వినాలో తెలియక చెదిరిపోతారు. ఆ మొండిపిల్లనే వరసకు పెద్దను చెయ్యి. నన్ను గంట కొట్టే పనిలో పెట్టాకే నేను దారికొచ్చాను. ఇంకొక ముఖ్యమైన సంగతి. గంట కొట్టే సిస్టరు ఎప్పుడైనా

మర్నాడు.

గంట మోగింది, లేచిపోయాను. ఇప్పుడు మిషను వేడెక్కేలోపు రాస్తున్నాను. ఈసారి పిండి మరీ నాసిగా వచ్చింది, అప్పాలు అంచుల దగ్గర విరుగుతున్నాయి. విజయవాడ వన్ టౌన్‌లో మీ నాన్న కొనే ఆ కొట్టు ఇంకా ఉందా? ఉంటే మా మదర్ గారికి చిరునామా రాయి.

రాత్రిపూట తల తడిగా ఉంచుకుని పడుకోకు.

మీకు సంపూర్ణను, ఇక్కడ సిస్టర్ అమలను,
నీ అత్త

*

గుణదల,
16 నవంబరు 2025

అత్తా,

నీకు వందనాలు, వేల వందనాలు. నీ మందు పనిచేసింది.

నియమం ఒక్కటే పెట్టాను. సైరన్ మోగితే దిగాలి. వరసల్లో నిలబడాలి. నేను విజిల్ వేసేదాకా కదలకూడదు. వార్డెన్ పిలిచినా, వీసీ గారు పిలిచినా, కన్నతల్లి వచ్చి పిలిచినా సరే. సత్యశ్రీని వాళ్ళ ఫ్లోరుకు లీడరును చేశాను. మొదట మూతి ముడుచుకుంది. తర్వాత చూడాలి దాని దర్జా! చేతులు చాపి నిలబడితే వెనకాల ఒక్కతె ఒక్క అడుగు వేయదు.

తుఫాను సెలవులయ్యాక చేసిన డ్రిల్లులో మధ్యలో వాన పట్టుకుంది. లెక్చరర్లు చూరు కిందికి పరిగెత్తారు. నేను కావాలనే విజిల్ వేయలేదు. మిగతా ఫ్లోర్ల వాళ్ళు అటూ ఇటూ కదిలారు, సత్యశ్రీ వరస మటుకు ముద్దగా తడుస్తూ అలాగే నిలబడింది. ఏంజెల్‌కు దగ్గొస్తుంటే కూడా ఇది నావైపే చూస్తోంది తప్ప కదల్లేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి అత్తా. అందరి ముందూ దాన్ని మెచ్చుకున్నాను. ఆగస్టులో చచ్చిపోయిన పిల్ల ఇవాళ బతికింది అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్ళ నాన్న కాశీరావు గారు కూతుర్ని చూడ్డానికొచ్చి, ఎండు చేపల పొట్లం తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఆఫీసంతా వాసన. "మా పిల్ల మాట వినదండీ. చిన్నప్పట్నుంచీ అంతే. అమ్మ చెప్పినా ఇనదు, నేను చెప్పినా ఇనదు. మీరన్నా కాస్త దారిలో పెట్టండి" అన్నాడు. "ఇప్పుడు వింటోందండీ" అన్నాను. నమ్మలేదు. నవ్వి ఊరుకున్నాడు.

ఒక్కటే చిరాకు. ముందువైపు లాన్‌లో పిల్లలు నిలబడితే గడ్డి పాడవుతోందని, వచ్చిపోయేవాళ్ళ ముందు బాగుండదని రిజిస్ట్రార్ రామకోటేశ్వరరావు గారు వరసల చోటును హాస్టల్ వెనక్కి మార్పించారు. వెనక గోడకు ఆనుకునే ఐస్ ఫ్యాక్టరీ. రొయ్యల లారీలు రోజంతా వచ్చిపోతుంటాయి. ఐస్ తయారీకి అమ్మోనియా గ్యాస్ వాడతారు, పక్కన పిల్లల్ని నిలబెట్టడం మంచిది కాదేమోనండీ అని చెప్పాను. "వాళ్ళ జాగ్రత్త వాళ్ళకుంటుందమ్మా" అన్నారు. అక్కడ చెట్ల నీడ ఉంది కదా అని నేనూ ఇంక రెట్టించలేదు.

వన్ టౌన్ కొట్టు ఉంది. కొడుకు చూసుకుంటున్నాడు. చిరునామా వెనక రాశాను.

నీ హెలెన్

*

మఠం,
8 జనవరి 2026

నా హెలెన్‌కు,

కంగారు పడకుండా చదువు. క్రిస్మస్ ముందు నాకు రొమ్ములో గడ్డ తగిలింది. మదర్ గారు ఆసుపత్రికి పంపి ఆపరేషను చేయించారు. మంచి గడ్డేనట, భయం లేదన్నారు. అయిపోయాక రాద్దామని ఆగాను. తిట్టుకో, కానీ ఏడవకు.

బల్ల మీద పడుకున్నప్పుడు గుణదల మాతకు మొక్కుకున్నాను. మన ఇంటి మనిషి ఒకరు తిరునాళ్ళ చివరి రోజున కొండెక్కి, నా పేర కొవ్వొత్తి వెలిగిస్తారని. చిన్నప్పుడు నేనూ మీ నాన్నా ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుని ఎక్కేవాళ్ళం. ఇప్పుడు నేను గడప దాటలేను, అన్నయ్య లేడు. నువ్వే ఉన్నావు. ఫిబ్రవరి పదకొండు. పని ఉందని అనకు. ఒక్కరోజు నువ్వు లేకపోతే యూనివర్సిటీ మునిగిపోదు.

విభూతి బుధవారం ఫిబ్రవరి పద్దెనిమిదిన వస్తోంది. తెలుసుగా, ఆ రోజు నుంచి ఈస్టర్ దాకా, తపస్సు కాలమంతా, మాకు ఉత్తరాలు ఇవ్వరు, మేము రాయం. వచ్చినవి వచ్చినట్టు మదర్ గారి అలమారాలో ఉంటాయి. చెప్పాల్సిందేమైనా ఉంటే ఆలోపే

గంట. ఇక చాలు.

నీ అత్త

*

గుణదల,
25 జనవరి 2026

అత్తా,

తిట్టుకున్నాను, ఏడిచాను. రెండూ అయ్యాయి. ఇంకెప్పుడూ అయిపోయాక చెప్పకు.

కొండకు వెళతాను. పదకొండు బుధవారం, పనిరోజు. సెలవు పెట్టాను. నవ్వకు గానీ, ఉద్యోగంలో చేరాక ఇదే మొదటి సెలవు. నేను లేనప్పుడు విజిల్ ఎవరికైనా ఇద్దామా అని ఆలోచించాను. వార్డెన్‌కు ఇస్తే వంటింట్లో పాలు పొంగినా ఊదేస్తుంది. పైగా చాలు అనే మనిషి ఒక్కరే ఉండాలని నువ్వే అన్నావు. ఒక్కరోజే కదా, నా దగ్గరే ఉంచుకుంటున్నాను.

ఆపరేషను కుట్లు తీశారా? అది రాయలేదు.

నీ హెలెన్

*

గుణదల,
16 ఫిబ్రవరి 2026

అత్తా,

సత్యశ్రీ చనిపోయింది.

మర్నాడే మఠం గేటుకు ఫోను చేసి, గేటు దగ్గరుండే సిస్టరు గారికి నాలుగు ముక్కల్లో చెప్పాను. నీకు చెప్పే ఉంటారు. మిగతాది రాయకపోతే నాకు పిచ్చెక్కుతుంది, అందుకని రాస్తున్నాను.

పదకొండున పొద్దున్నే కొండెక్కాను. జనం కిటకిటలాడుతున్నారు. కొవ్వొత్తి వెలిగించి, మొక్కు తీరిందని నీకు చెప్పమని అప్పుడే మీ గేటుకు కబురు చేశాను. తర్వాత ఫోను బ్యాగులో పడేశాను. మైకుల్లో జపమాల, పాటలు. ఫోను ఎంత మోగినా వినపడలేదు.

అక్కడ యూనివర్సిటీ దగ్గర ఆ పొద్దున మంచు పట్టి ఉంది. గాలి లేదు. ఐస్ ఫ్యాక్టరీలో పైపు పగిలి అమ్మోనియా బయటికి వచ్చింది. హాస్టల్లోకి ఘాటు కొట్టింది. వాచ్‌మన్‌కు తెలిసిన సైరన్ ఒక్కటే, అది నొక్కాడు. పిల్లలు దిగారు. ఎవరూ చెప్పుల కోసం వెనక్కి వెళ్ళలేదట అత్తా. ఎవరూ వీడియో తీయలేదట. నేర్పింది నేర్పినట్టు వెళ్ళి, ఆ గోడ పక్కనే వరసల్లో నిలబడ్డారు.

వార్డెన్ తడి టవలు మొహానికి కట్టుకుని, ముందు గేటు దగ్గర్నుంచి "ఇటు రండి, ఇటు రండి" అని అరిచిందట. వార్డెన్ పిలిచినా రాకూడదని చెప్పింది నేనే.

ఏంజెల్ ఆసుపత్రిలో ఉంది. మాట సరిగా రావడం లేదు, అయినా నా చెయ్యి వదలకుండా చెప్పింది. "కళ్ళు మండిపోతన్నాయి, పోదాం పదవే అన్నానండీ. మేడం విజిల్ వేసేదాకా ఎవరూ కదలొద్దని చేతులు చాపి నిలబడిందండీ. నేను ఆగలేకపోయా. దాన్ని తోసేసి పరిగెత్తా మేడం. నన్ను తిట్టకండి." నన్ను తిట్టకండి అంటోంది ఆ పిల్ల నాతో.

పరిగెత్తినవాళ్ళు బతికారు. మాట విననివాళ్ళంతా బతికారు. నిలబడినవాళ్ళు వార్డులో ఊపిరి కోసం కొట్టుకుంటున్నారు. సత్యశ్రీని గోడ పక్కన, వరసలో దాని చోటులోనే చూశారట. విజిల్ నా బ్యాగులో ఉంది, మాతకని కొన్న కొబ్బరికాయ పక్కన.

నాకు ఏమైనా రాయి. ఏదైనా సరే.

హెలెన్

*

మఠం,
17 ఫిబ్రవరి 2026

నా బంగారు హెలెన్‌కు,

నీ కబురు గేటు దగ్గరి సిస్టరు గారు చెప్పారు. నా మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను. అంతా అనుకున్నట్టే జరిగిందన్నమాట. దేవుడికి స్తోత్రం. ఇక నా గురించి బెంగ పెట్టుకోకు, హాయిగా ఉన్నాను.

సెలవు పెట్టానని దిగులు పడ్డావు చూడు, ఎంత వెర్రిదానివి! నువ్వు లేకపోయినా నీ పిల్లలు నువ్వు నేర్పినట్టే నిలబడి ఉంటారు, నాకు తెలుసు. ముఖ్యంగా ఆ సత్యశ్రీ. ఇంక ఆ పిల్లకు నీ అవసరం లేదు.

రేపు విభూతి. ఈస్టర్ దాకా మన మధ్య మౌనం. ఈ మౌనం కూడా మంచిదే, మనిషి లోపలికి చూసుకుంటాడు. నువ్వూ చూసుకో.

ఎండలు వచ్చేస్తున్నాయి, మజ్జిగ తాగుతుండు.

నీ అత్త

*

గుణదల,
8 మార్చి 2026

సిస్టర్ అమల గారికి,

మీ ఉత్తరం అందింది. అనుకున్నట్టే జరిగిందా? దేవుడికి స్తోత్రమా? నువ్వు మనిషివేనా అత్తా? పిల్ల చచ్చిపోయిందని కబురు పంపితే మజ్జిగ తాగమని రాస్తావా? ఆ పిల్లకు ఇక నీ అవసరం లేదు అని రాయడానికి నీకు చెయ్యి ఎలా వచ్చింది? నాన్న పోయినప్పుడూ ఇంతే. అందరం ఏడుస్తుంటే నువ్వు ప్రార్థన పంపించావు. మీ గోడ లోపల ఉన్నవాళ్ళకు ఏదీ తగలదు.

ఇది నీకు ఇవ్వరని తెలుసు. అయినా రాస్తాను. చెప్పుకోవడానికి నాకు ఇంకెవరున్నారు?

యూనివర్సిటీ కమిటీ వేసింది. ఈస్టర్ తర్వాత నన్ను పిలుస్తారు. రిజిస్ట్రార్ గారు ముందుగానే గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. "మీరు ఆ రోజు సెలవులో ఉన్నారు. మీకేం సంబంధం లేదమ్మా. ఆ అమ్మాయి తెలిసీ తెలియక తోటి పిల్లల్ని ఆపేసింది. వార్డెన్ పిలిచినా పోనివ్వలేదు. శిక్షణను సరిగా అర్థం చేసుకోలేదు. ఈ మాట చెబితే చాలండీ. పోయిన పిల్ల ఎలాగూ పోయింది, ఉన్నవాళ్ళను కాపాడుకోవాలి కదా." చాలా మర్యాదగా చెప్పారు. తల ఊపి వచ్చేశాను. అవును, ఊపాను. ఆ గదిలోంచి బయటపడితే చాలనిపించింది.

ఆ మాట అప్పుడే ఊరు చేరింది. నిన్న కాశీరావు గారు ఫోను చేశాడు. "మా పిల్ల అడ్డం పడబట్టే మిగతా పిల్లలకట్టా అయిందంటగదండీ. మాట ఇనకుండా సొంత పెత్తనం చేసిందంట. నిజమేనా అండీ? ఊళ్ళో మా మొహాన్నే అంటన్నారు. వాళ్ళమ్మ గడప దాటి రావడం లేదు" అన్నాడు. నేను లైను కట్ చేశాను.

నీ సెప్టెంబరు ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "ఇంకొక ముఖ్యమైన సంగతి. గంట కొట్టే సిస్టరు ఎప్పుడైనా" అని రాసి ఆపేశావు. మర్నాడు పిండి గురించి రాశావు. ఏం రాయబోయావు అత్తా?

హెలెన్

*

మఠం,
7 ఏప్రిల్ 2026

నా తల్లీ హెలెన్,

ఈస్టర్ మర్నాడు మదర్ గారు నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చేతికిచ్చారు. తారీకు చూసి ముందుది ముందు చదివాను. చదివాక లేవలేకపోయాను.

నీ మొదటి కబురు, కొవ్వొత్తి కబురు ఒక్కటే నాకు అందింది. రెండో ఫోను సంగతి, ఆపరేషను మనిషిని అదిరిపోతానని మదర్ గారు నాకు చెప్పనివ్వలేదట. నేను కొవ్వొత్తి గురించి రాశాను తల్లీ. నువ్వు ఆ మాటల్ని సత్యశ్రీ గురించి చదువుకున్నావు. ఇన్ని వారాలూ అలాగే చదువుకుని ఉంటావు. నేనిక్కడ నీ మొక్కు తీరిందని పాడుకుంటూ అప్పాలు కాల్చాను.

మా గోడ లోపల ఏదీ తగలదన్నావు. మీ నాన్న పోయినప్పుడు నేను తలుపు దాకా వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేశాను. అప్పుడు గంట మోగింది. వెనక్కి తిరిగాను. దాన్ని ఇన్నేళ్ళూ నా గొప్పతనం అనుకున్నాను.

నువ్వు అడిగిన వాక్యం ఇది. గంట కొట్టే సిస్టరు ఎప్పుడైనా జబ్బుపడినా, పక్క గదిలోకి వెళ్ళాల్సి వచ్చినా, ముందు తాడు ఇంకొకరి చేతిలో పెట్టి గానీ కదలదు. తాడు పట్టే చెయ్యి లేకుండా మా గంట ఒక్క ఘడియ ఉండదు. అది రాయబోతుంటేనే గంట మోగింది. కొమ్ము పెట్టకూడదు కదా, లేచిపోయాను. మర్నాడు ఎక్కడ ఆపానో చూసుకోకుండా పిండి సంగతి రాశాను. చాలు అనే మనిషి ఒక్కరే ఉండాలన్న సగం నీకు చేరింది. రెండో సగం నా దగ్గరే ఉండిపోయింది.

విధేయత అంటే ఏమిటో నేను నీకు గొప్పగా బోధించాను. ఇక్కడ ఎవరైనా మూర్ఛపోతే గంట కొట్టే మనిషి మా పక్కనే ఉంటుంది. మాకు దెబ్బ తగలని చోట నిలబడి మేం విధేయులం. ఆ పిల్ల విషంలో నిలబడింది.

ఇప్పుడు విను. కమిటీ ముందు తల ఊపకు. ఆ పిల్ల పేరు మీద ఒక్క మాట పడనివ్వకు. నీ తప్పెంతో నా తప్పెంతో తర్వాత దేవుడి ముందు ఇద్దరం కలిసి నిలబడి చెప్పుకుందాం. ముందు ఆ తల్లిదండ్రుల దగ్గరికి వెళ్ళు. ఫోను చేయకు, వెళ్ళు. వాళ్ళ బిడ్డ మాట విన్నదని వాళ్ళ ఎదురుగా చెప్పు. వాళ్ళు నిన్ను కొట్టినా కొట్టనీ.

గంట మోగుతోంది హెలెన్. పక్క బల్లల వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. మోగనీ. ఈసారి వాక్యం పూర్తి చేసే లేస్తాను. మదర్ గారు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నేను తల ఎత్తలేదు. ఏమంటారో అననీ. నువ్వు వెళ్ళి చెప్పాక ఏం జరిగిందో నాకు రాయి, ఏమీ దాచకుండా రాయి, నేను పూర్తిగా చదువుతాను.

నీ అత్త,
సంపూర్ణ

*

గుణదల,
20 ఏప్రిల్ 2026

అత్తా,

నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోలేను. కొన్ని నిజమే కూడా. కానీ నీ ఉత్తరం బ్యాగులో పెట్టుకునే వెళ్ళాను.

కమిటీ ముందు చెప్పేశాను. వరసల చోటు మార్చింది ఎవరో, నేనెందుకు ఊరుకున్నానో చెప్పాను. విజిల్ వేసేదాకా కదలొద్దన్న నియమం నాదని, విజిల్ ఇంకొకరికి ఇవ్వకుండా వెళ్ళింది నేనని చెప్పాను. ఆ అమ్మాయి శిక్షణను తప్పుగా అర్థం చేసుకోలేదు, మొత్తం హాస్టల్లో సరిగ్గా అర్థం చేసుకున్నది ఆమే అన్నాను. రామకోటేశ్వరరావు గారు కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టి, "అయితే బాధ్యత మీదేనంటారు" అన్నారు. "నాదీ, మీదీ" అన్నాను. సాయంత్రానికి నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. కేసు కూడా పెడతారట. పెట్టనీ. ఈసారి ముందు లాన్‌లో గడ్డి ఎంత పచ్చగా ఉందో చూసుకుంటూ నడిచి వచ్చాను.

మర్నాడు బస్సెక్కి నాగాయలంక వెళ్ళాను. అక్కడినుంచి పడవ దాటి, ఆటోలో వాళ్ళ ఊరు. కాశీరావు గారు ఇంటిముందు వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచాడు. కూర్చోమనలేదు. లోపలికి చూసి, "రత్తమ్మా, ఆ మేడం గారొచ్చారు" అన్నాడు.

నిలబడే చెప్పాను. మీ అమ్మాయి పెత్తనం చేయలేదండీ. నేను నేర్పిందే చేసింది. నేను వచ్చి విజిల్ వేసేదాకా కదలొద్దని చెప్పాను, కదల్లేదు. నేను రాలేదు. తప్పు నాది. మీ అమ్మాయి మాట విన్నది. విన్నందుకే పోయింది.

ఆయన చేతిలో వల అలాగే ఉంది. తిడతాడేమోనని చూశాను. తిడితే బాగుండేది. "ఇన్నదా?" అన్నాడు. అంతే.

రత్తమ్మ గారు గడప దగ్గరికి వచ్చింది. అది దాటడం లేదని చెప్పాడు కదా, దాటి వచ్చింది. నా మొహంలోకి చూసి, "ఇంకోసారి చెప్పమ్మా" అంది. మళ్ళీ చెప్పాను. "పుట్టి బుద్ధెరిగాక మా మాట ఒక్కటి ఇన్నది కాదు. అన్నం తినవే అంటే తినేది కాదు, పడుకోవే అంటే పడుకునేది కాదు. నీ మాట ఇన్నదా తల్లీ?" అంది. అందులో కోపం లేదు అత్తా. కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని.

తర్వాత నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళింది. "ఏమే, మా పిల్ల అడ్డం పడిందన్నావుగా. ఇదిగో ఆ మేడమే వచ్చింది. చెప్పమ్మా, మా పిల్ల మాట ఇన్నదని చెప్పు" అంది. చెప్పాను. ఆ పక్కింటికి తీసుకెళ్ళింది. అక్కడా చెప్పాను. చేపలు ఆరబెట్టేవాళ్ళ దగ్గరికి, కొట్టు దగ్గర కూర్చున్న ముసలివాళ్ళ దగ్గరికి, పడవ దగ్గరికి. అందరూ ఆమెను చూసి లేచి నిలబడుతున్నారు. ఆమె తల ఎత్తుకుని నడుస్తోంది. ప్రతి గుమ్మం దగ్గరా నన్ను ముందుకు తోసి, "చెప్పమ్మా" అంటోంది.

పడవ వచ్చేదాకా చెబుతూనే ఉన్నాను.

హెలెన్